వైద్యంలో ఎక్స్-కిరణాలు: మేలెంత, కీడెంత?

తోటపల్లి గూడూరు వంటి సముద్రతీరపు ఊళ్ళలో రెండు మూడు వారాలుగా దగ్గు తగ్గని మనిషి నెల్లూరులోని ఆస్పత్రికి వెళ్ళితే, వైద్యుడు తరచుగా చెప్పే మాట "ఎక్స్-రే తీయించండి" అన్నది. చేయి విరిగినా, పన్ను సలుపుతున్నా, నడుము నొప్పి ఎంతకూ తగ్గకపోయినా అదే మాట వినిపిస్తుంది. ఈ మాట విన్నప్పుడు ప్రజలలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఎక్స్-రే తీయనిదే అసలు వైద్యమే జరగలేదని కొందరు అనుకుంటారు. ఒక్క ఫోటో తీయించినా క్యాన్సరు వస్తుందేమోనని మరికొందరు జంకుతారు. ఈ రెండు ధోరణులూ సరియైనవి కావు. అయితే సత్యం సరిగా ఎక్కడున్నదన్న విషయంపై శాస్త్రజ్ఞుల మధ్యనే డెబ్బై ఏండ్లుగా వాదం సాగుతున్నది. ఆ వాదంలో తేలినదేమి, తేలనిదేమి, తేలనంతవరకు మనం అనుసరించవలసిన పద్ధతి ఏమి అన్నది ఈ వ్యాసానికి విషయం.

కిరణాల స్వభావం

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వూర్జ్‌బుర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్‌జన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఈ కిరణాలను కనుగొన్నాడు. అవి ఏమిటో తనకు తెలియనందున, బీజగణితంలో తెలియని రాశికి వాడే అక్షరాన్నే వాటికి పేరుగా పెట్టాడు. భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమానం 1901లో ఆయనకే లభించింది.

ఎక్స్-కిరణాలు వెలుతురు వంటి విద్యుదయస్కాంత తరంగాలే. కాని వాటి తరంగదైర్ఘ్యం వెలుతురు తరంగదైర్ఘ్యంలో కొన్ని వేలవ వంతు మాత్రమే. గాలి తీసివేసిన గొట్టంలో ఎలక్ట్రాన్లను కొన్ని పదుల వేల వోల్టుల పీడనంతో పరుగెత్తించి, టంగ్‌స్టన్ లోహపు పలకకు తాకిస్తే ఈ కిరణాలు పుడతాయి. శరీరం గుండా పోయేటప్పుడు వీటిని అన్ని పదార్థాలూ ఒకే విధంగా అడ్డగించవు. అడ్డగించే శక్తి పరమాణుసంఖ్య ఘనాన్ని అనుసరించి రమారమిగా పెరుగుతుంది. మాంసంలో ముఖ్యమైన ఆక్సిజన్ పరమాణుసంఖ్య 8. ఎముకలోని కాల్షియం పరమాణుసంఖ్య 20. వాటి నిష్పత్తి రెండున్నర. రెండున్నరకు ఘనం పదిహేనుకు పైమాట. ఫిల్ముపై ఎముక తెల్లగా, మాంసం మసకగా, గాలి నిండిన ఊపిరితిత్తి నల్లగా కనిపించడానికి కారణం ఇదే.

శరీరంలో ఆగిపోయిన కిరణాల శక్తి ఊరక పోదు. అది పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. దీనిని అయనీకరణం అంటారు. ఇందువలన కణంలోని నీటి అణువులు చీలి, చురుకైన ముక్కలు ఏర్పడతాయి. ఆ ముక్కలు గాని, కిరణాలు నేరుగా గాని, కణకేంద్రంలోని డి.ఎన్.ఏ. పోగును దెబ్బతీయవచ్చును. డి.ఎన్.ఏ. రెండు పోగులు పెనవేసుకొన్న తాడు వంటిది. ఒక పోగు తెగితే, రెండవ పోగును నమూనాగా పెట్టుకొని కణం దానిని సరిచేసికొంటుంది. రెండు పోగులూ ఒకేచోట తెగినపుడు అతుకు తప్పుగా పడే అవకాశం ఉన్నది. అట్టి తప్పులలో బహు కొద్ది మాత్రమే ఎన్నో ఏండ్ల తరువాత క్యాన్సరుకు దారి తీస్తాయి. ఎక్స్-కిరణాల వలన జన్యువులు మారుతాయని 1927లో హెర్మన్ ముల్లర్ పండ్ల ఈగలపై ప్రయోగాలు చేసి నిరూపించాడు.

రెండు విధాల హాని

తొలి రోజులలో ఈ కిరణాల వలన ప్రమాదమున్నదని ఎవరూ అనుకోలేదు. గొట్టం సరిగా పనిచేస్తున్నదో లేదో చూడటానికి పనివారు తమ చేతినే దాని ముందు పెట్టి చూసుకొనేవారు. థామస్ ఎడిసన్ ప్రయోగశాలలో ఈ పని చేసిన క్లారెన్స్ డాలీ చేతులకు పుండ్లు పడి, అవి క్యాన్సరుగా మారి, 1904లో మరణించాడు. ఇట్టి అనుభవాల ఫలితంగా 1928లో స్టాక్‌హోంలో సమావేశమైన అంతర్జాతీయ మహాసభ రక్షణ నియమాల కొరకు ఒక సంఘాన్ని ఏర్పరచింది. నేటి అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం దాని నుండి పెరిగినదే.

హాని రెండు విధాలు. చర్మం కమలడం, వెంట్రుకలు రాలడం వంటివి మొదటి విధం. ఇవి ఒక హద్దు దాటితే తప్ప రావు; హద్దు దాటిన తరువాత మోతాదు పెరిగిన కొలదీ తీవ్రత పెరుగుతుంది. సాధారణమైన ఎక్స్-రే ఫోటోలలో ఆ హద్దు దరిదాపులకు కూడా పోవడం జరగదు. ఈ విషయంలో వివాదం లేదు. క్యాన్సరు రెండవ విధం. ఇక్కడ మోతాదుతో పెరిగేది రోగ తీవ్రత కాదు, రోగం వచ్చే సంభావ్యత. వివాదమంతా దీనిని గూర్చియే.

మోతాదు లెక్క

శరీరానికి కలిగే హానిని దృష్టిలో పెట్టుకొని వికిరణ మోతాదును కొలిచే ప్రమాణం సీవర్ట్. ఇది చాలా పెద్దది గనుక అందులో వెయ్యవ వంతైన మిల్లీసీవర్టును వాడతారు. కోడూరు తీరాన ఇసుకలో ఊరక నిలుచున్న మనిషికి కూడా ఆకాశం నుండి విశ్వకిరణాలు, నేల నుండి యురేనియం, థోరియం కుటుంబాల వికిరణం, పీల్చే గాలి నుండి రేడాన్, తినే తిండి నుండి రేడియోధార్మిక పొటాసియం అందుతూనే ఉంటాయి. ఈ సహజ వికిరణం ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు.

ఛాతీకి ముందువైపు నుండి తీసే ఒక ఎక్స్-రే మోతాదు సుమారు 0.02 మిల్లీసీవర్టు, అనగా మూడు రోజుల సహజ వికిరణంతో సమానం. పంటికి తీసే చిన్న ఫోటోలో ఇది ఇంకా తక్కువ. కాని శరీరాన్ని ముక్కలు ముక్కలుగా కోసి చూపినట్లు చిత్రించే సీ.టీ. స్కాన్ వేరు. తలకు సుమారు 2, కడుపుకు సుమారు 8 మిల్లీసీవర్టుల మోతాదు అందుతుంది. కడుపు స్కాన్ ఒక్కటి నాలుగు వందల ఛాతీ ఫోటోలకు, మూడేండ్లకు మించిన సహజ వికిరణానికి సమానమన్నమాట. "ఎక్స్-రే మంచిదా, చెడ్డదా?" అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేకపోవడానికి ఇది మొదటి కారణం.

నెల్లూరు ఎముకలు, మదనపల్లె ఊపిరితిత్తులు

కీడును తూచే ముందు మేలును కూడా తూకంలో పెట్టాలి. ఇందుకు తెలుగుదేశంలోనే రెండు గొప్ప ఉదాహరణలు ఉన్నవి.

1930 తరువాతి ఏండ్లలో నాటి నెల్లూరు జిల్లా మెట్ట తాలూకాలలో నడుము వంగక, మెడ తిరగక, కీళ్ళు బిగుసుకుపోయి బాధపడే మనుషులు వైద్యుల దృష్టికి వచ్చారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివే. 1970లో అవి ప్రకాశం జిల్లాలో చేరాయి. షార్ట్, పండిత్, రాఘవాచారి మొదలైనవారు జరిపిన పరిశోధనలో, తాగే బావి నీటిలోని ఫ్లోరైడు ఇందుకు కారణమని తేలింది. 1937లో ప్రకటించిన ఆ పరిశోధనల వలననే భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధి ఉన్నదని మొదటిసారిగా లోకానికి తెలిసింది. పరిశోధకులలో ఒకరైన బార్నార్డ్ ఎక్స్-కిరణ నిపుణుడు. మద్రాసు జనరల్ ఆస్పత్రిలో 1934లో వెలసిన ఎక్స్-కిరణ వైద్యసంస్థకు ఆయన పేరే పెట్టారు. ఈ వ్యాధిలో ఫిల్ముపై వెన్నెముక, కటి ఎముకలు సుద్దలాగా తెల్లబడి కనిపిస్తాయి. ఎముకలను పట్టి ఉంచే పొరలు కూడా సున్నం పేరుకొని ఎముకలుగా మారుతాయి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్యనున్న పొర అంచున ముండ్ల వంటి పెరుగుదల కనిపిస్తుంది. చర్మాన్ని కోయకుండా ఈ మార్పులను చూపగల సాధనం ఎక్స్-కిరణం తప్ప అప్పటికి మరొకటి లేదు.

రెండవది క్షయ. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో వెలసిన క్షయ చికిత్సాలయానికి చెందిన ఫ్రిమట్-మోలర్, 1950 నుండి 1955 వరకు ఆ చుట్టుపట్ల ప్రజలను పరీక్షించి, ఊపిరితిత్తులకు చిన్న సైజు ఎక్స్-రే ఫోటోలు తీయించాడు. భారత వైద్య పరిశోధన మండలి 1955-58లో దేశంలో వివిధ ప్రాంతాలలో జరిపిన సర్వేలోనూ ఇదే పద్ధతిని అనుసరించారు. క్షయ పట్టణపు రోగమన్న నమ్మకం ఆ సర్వేతో పోయింది. పల్లెలలోనూ అది పట్టణాలలో వలెనే ఉన్నదని తెలిసింది. క్షయ నివారణ కార్యక్రమాన్ని పల్లెలకు తీసుకుపోవలసిన అవసరం ఈ ఫోటోల వలన కూడా స్పష్టమైంది.

వాదం మొదలైన విధం

ఇదే కాలంలో ఇతర దేశాల నుండి కలవరపెట్టే వార్తలు వచ్చాయి. 1956లో ఇంగ్లండుకు చెందిన ఆలిస్ స్టూవర్ట్ అనే వైద్యురాలు, క్యాన్సరుతో మరణించిన పిల్లల తల్లులను ప్రశ్నించి, గర్భవతులుగా ఉన్నప్పుడు కడుపుకు ఎక్స్-రే తీయించుకొన్నవారు వారిలో ఎక్కువగా ఉన్నారని ప్రకటించింది. చాలామంది నమ్మలేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి గతంలోని ప్రతి సంఘటననూ వెదికి గుర్తు చేసుకుంటుందనీ, ఆరోగ్యవంతుడైన బిడ్డ తల్లి అట్లా చేయదనీ వారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అందువలన అమెరికాలో బ్రయన్ మెక్‌మెహన్ తల్లుల జ్ఞాపకంపై ఆధారపడక, కాన్పుల ఆస్పత్రి రికార్డులనే పరిశీలించాడు. 1962లో ఆయన ప్రకటించిన ఫలితం కూడా స్టూవర్ట్ చెప్పిన వైపే మొగ్గింది. అట్టి పిల్లలలో క్యాన్సరు మరణాలు సుమారు 40 శాతం అధికంగా ఉన్నవి. తరువాతి కాలంలో గర్భిణుల పరీక్షకు శబ్దతరంగాలతో పనిచేసే అల్ట్రాసౌండ్ రావడంతో ఆ ఎక్స్-రేల అవసరమే తీరిపోయింది.

క్షయ చికిత్సాలయాల నుండి మరొక సాక్ష్యం లభించింది. మంచి మందులు రాకముందు, ఛాతీలోకి గాలి ఎక్కించి, జబ్బుపడిన ఊపిరితిత్తిని కుంచింపజేసి విశ్రాంతి ఇచ్చేవారు. గాలి ఎక్కించిన ప్రతిసారీ తెరపై ఎక్స్-కిరణాలతో చూసేవారు. ఒక్కొక్క రోగికి ఇట్లా నూరుసార్లకు పైగా జరిగిన సందర్భాలు ఉన్నవి. ఇట్టి చికిత్స పొందిన స్త్రీలలో రొమ్ము క్యాన్సరు ఎక్కువగా వచ్చినదని కెనడాలోని నోవా స్కోషియాలో పరిశీలించిన మెకంజీ 1965లో చూపాడు. హిరోషిమా, నాగసాకిలలో అణుబాంబుల బారినపడి బ్రతికినవారితో సహా సుమారు 1,20,000 మందిని 1950 నుండి పరిశీలిస్తున్నారు. వారిలోనూ మోతాదుతోపాటు క్యాన్సరు పెరిగింది. ఈ సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే సుమారు 100 మిల్లీసీవర్టులకు పైబడిన మోతాదు క్యాన్సరు అవకాశాన్ని పెంచుతుందనుటలో సందేహం లేదు.

సరళరేఖా? హద్దా?

మిగిలినది అంతకు తక్కువైన మోతాదుల సంగతి. వైద్యంలో తీసే ఫోటోలు దాదాపు అన్నీ ఈ వర్గానికి చెందినవే. మోతాదును అడ్డగీతపైనా, హానిని నిలువు గీతపైనా గుర్తించి గ్రాఫు గీస్తే, 100 మిల్లీసీవర్టులకు పైన బిందువులు రమారమి ఒక సరళరేఖపై పడతాయి. ఆ రేఖను సున్నా దాకా పొడిగించవచ్చునా? పొడిగించవచ్చునని ఒక పక్షం వారి వాదన. ఒక్క కిరణం తాకినా డి.ఎన్.ఏ. తెగవచ్చును గనుక, ఎంత తక్కువ మోతాదైనా అంతకు తగిన కీడు ఉండి తీరుతుందని వారంటారు. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సంఘం 2006లో ఈ పక్షాన్నే సమర్థించింది. కణానికి మరమ్మతు చేసుకొనే శక్తి ఉన్నది గనుక తక్కువ మోతాదులలో హాని ఆ రేఖ చెప్పినంత ఉండదని రెండవ పక్షం. 2005లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ఈ వైపు మొగ్గింది. స్వల్ప మోతాదు మేలే చేస్తుందనేవారు కూడా కొందరున్నారు.

ప్రజలను పరిశీలించి దీనిని తేల్చుకోరాదా? ఇక్కడనే చిక్కు ఉన్నది. సరళరేఖే నిజమని అనుకుందాం. 2006నాటి అమెరికా లెక్క ప్రకారం 100 మిల్లీసీవర్టుల వలన నూరుమందిలో ఒకరికి అదనంగా క్యాన్సరు రావచ్చును. అట్లయితే 10 మిల్లీసీవర్టుల స్కాన్ వలన వేయిమందిలో ఒకరికి. ఛాతీ ఫోటో వలన అయిదు లక్షల మందిలో ఒకరికి. భారతదేశంలో జీవితకాలంలో తొమ్మిదిమందిలో ఒకరికి క్యాన్సరు రావచ్చునని 2022లో అంచనా వేశారు. అనగా వేయిమందిలో ఏ స్కానూ లేకుండానే 111 మందికి ఆ రోగం వస్తుంది. స్కాన్ తీయించుకొన్న వేయిమందిలో 112 మందికి రావాలి. కాని ఏ వేయిమందిని ఎంచుకొన్నా ఈ సంఖ్య యాదృచ్ఛికంగానే పదీ ఇరవై అటూ ఇటూ మారుతుంది. ఆ ఊగులాటలో ఒక్కరి తేడా కనిపించదు. కనిపించలేదు గనుక లేదని చెప్పడం తర్కం కాదు. కనిపించకపోయినా ఉన్నదని రూఢిగా చెప్పడమూ తర్కం కాదు.

కేరళలోని కరునాగపల్లి తీరపు ఇసుకలో థోరియం గల మోనజైట్ ఖనిజం ఉన్నది. అక్కడివారికి సహజ వికిరణం ఇతర ప్రాంతాల కంటె ఎన్నో రెట్లు అధికంగా అందుతుంది. అక్కడ సుమారు 70,000 మందిని సగటున పదేండ్లకు పైగా పరిశీలించి, 2009లో ప్రకటించిన నివేదికలో క్యాన్సరు పెరిగిన జాడ లేదు. రెండవ పక్షం వారికి ఇది బలం. అయితే అక్కడ మోతాదు ఏడాది పొడవునా కొద్దికొద్దిగా అందుతుంది. స్కాన్‌లో అది క్షణాలలో అందుతుంది. రెండింటినీ ఒకే గాటకు కట్టరాదని మొదటి పక్షం సమాధానం.

పిల్లల విషయంలో సాక్ష్యం ఇటీవల బలపడింది. పిల్లలలో కణాలు వేగంగా విభజన చెందుతుంటాయి. ముందు బ్రతుకవలసిన కాలమూ ఎక్కువ. ఐరోపాలోని తొమ్మిది దేశాలలో చిన్నతనంలో గాని, తొలి యౌవనంలో గాని సీ.టీ. స్కాన్ తీయించుకొన్న తొమ్మిది లక్షలకు పైబడిన వారిని పరిశీలించి, 2023లో ఫలితాలు ప్రకటించారు. స్కాన్ అయిన పదివేలమంది పిల్లలలో తరువాతి పన్నెండేండ్లలో ఒకరిద్దరికి, ఆ వికిరణం కారణంగా రక్తసంబంధమైన క్యాన్సరు రావచ్చునని అందులో తేలింది. ఇక్కడా ఒక ప్రశ్న ఉన్నది: స్కాన్ వలన రోగం వచ్చినదా, లేక పొంచి ఉన్న రోగపు లక్షణాలు చూసి స్కాన్ తీయించారా? ఈ పొరపాటు దొర్లకుండా పరిశోధకులు స్కాన్ తరువాతి తొలి ఏండ్ల కేసులను లెక్క నుండి తొలగించారు. అయినా సంబంధం నిలిచింది. అయితే తలకు గట్టి దెబ్బ తగిలిన బిడ్డకు మెదడులో రక్తస్రావం ఉన్నదో లేదో ఆ స్కాన్ నిమిషాలలో చెబుతుంది. అటువంటప్పుడు పదివేలలో ఒకరిద్దరి అపాయాన్ని చూసి వెనుదీయడం వివేకం కాదు.

తూచి వాడుట

వాదం తేలేదాకా ఏమి చేయాలి? అంతర్జాతీయ సంఘం సరళరేఖను సత్యమని కాక, జాగ్రత్త కొరకు తీసుకొన్న నియమంగా పాటిస్తున్నది. దాని నుండి రెండు సూత్రాలు వస్తాయి. ఒకటి: ఫోటో వలన కలిగే మేలు కీడును మించాలి. రెండు: తీయవలసి వచ్చినప్పుడు, రోగనిర్ణయానికి చాలినంత అతి తక్కువ మోతాదుతో తీయాలి. ఏ పక్షం నెగ్గినా ఈ రెండు సూత్రాల వలన నష్టం లేదు.

మదనపల్లెలో వాడిన సామూహిక ఫోటోల చరిత్రే ఇందుకు నిదర్శనం. రోగలక్షణాలు ఉన్నా లేకున్నా అందరికీ ఫోటోలు తీసే పద్ధతిని మానవలసినదిగా 1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం సలహా ఇచ్చింది. దగ్గుతో వైద్యుని వద్దకు వచ్చినవారి కళ్ళె పరీక్షించడం వలననే అధికభాగం రోగులు తక్కువ ఖర్చుతో దొరుకుతున్నారని అనుభవంలో తేలింది. మేలు తగ్గినప్పుడు ఖర్చును గాని, స్వల్పమైన కీడును గాని భరించడానికి కారణం ఉండదు. 2021లో అదే సంస్థ, క్షయ సోకే అవకాశం ఎక్కువగా ఉన్నవారిలో ఛాతీ ఎక్స్-రేతో వడపోతను సిఫారసు చేసింది. ఈ మధ్యకాలంలో మోతాదు బాగా తగ్గినది; చేతితో మోసే యంత్రాలు వచ్చాయి; ఫోటోలో అనుమానం కలిగితే వెంటనే నిర్ధారించే పరీక్షలు వచ్చాయి. 1974లో వద్దన్నదీ, 2021లో కొందరికి కావాలన్నదీ ఒకే తక్కెడ. మారినది తూకంలోని బరువులు మాత్రమే.

భారతదేశంలో ఎక్స్-రే యంత్రాలను 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అదుపు చేస్తున్నది. యంత్రం వద్ద పనిచేసేవారికి అయిదేండ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు మించరాదు. సాధారణ ప్రజలకు, వైద్యం కొరకు అందే మోతాదు కాక, ఏడాదికి 1 మిల్లీసీవర్టు హద్దు. రోగికి మాత్రం హద్దు లేదు. ప్రాణాన్ని కాపాడే ఫోటోను అంకె చూసి ఆపరాదు గనుక, ఆ నిర్ణయం వైద్యుని వివేకానికి విడిచిపెట్టారు. కనుకనే రోగి కూడా విషయం తెలిసినవాడై ఉండటం మంచిది.

పాత ఫిల్ములను, రిపోర్టులను భద్రపరచి వైద్యునికి చూపితే, తీసిన ఫోటోనే మళ్ళీ తీయవలసిన పని తప్పుతుంది. వైద్యుడు అక్కరలేదన్న స్కాన్‌ను మన తృప్తి కొరకు పట్టుబట్టి తీయించరాదు. గర్భిణులు ఆ సంగతి ముందుగానే చెప్పాలి. అట్లని అత్యవసరమైన ఫోటోను నిరాకరించనక్కరలేదు. ఛాతీ ఫోటోలో గర్భంలోని శిశువుకు చేరే మోతాదు అత్యల్పం. 100 మిల్లీగ్రేల లోపు మోతాదు వలన అంగవైకల్యం కలుగుతుందనుటకు ఆధారం లేదు. తోడు వచ్చినవారు గది బయట ఉండాలి. పాఠశాలలో నేర్చిన విలోమవర్గ నియమం ఇక్కడ పనికివస్తుంది: కిరణాలు పుట్టే చోటు నుండి ఒక మీటరు దూరంలో ఉన్నవాడు రెండు మీటర్లకు జరిగితే మోతాదు నాలుగవ వంతుకు, మూడు మీటర్లకు జరిగితే తొమ్మిదవ వంతుకు తగ్గుతుంది.

"ఈ ఫోటో వలన చికిత్సలో ఏమి మారుతుంది?" అని వైద్యుని మర్యాదగా అడగడం తప్పు కాదు. దానికి స్పష్టమైన జవాబు ఉంటే జంకవలసిన పని లేదు. జవాబు లేకపోతే, మోతాదు ఎంత తక్కువైనా ఆ ఫోటో అనవసరమే.